రాక్ సంగీతం చెవికి భారమైనప్పుడు: ఏం తగ్గించాలి, ఎలా వినాలి

రాక్ అంటే ఇష్టమే, కానీ బృందమంతా ఒక్కసారిగా అందుకోగానే చెవులు మూసుకోవాలనిపిస్తుంది. శబ్దాన్ని తట్టుకోలేని శ్రోతల్లో చాలామంది పరిస్థితి ఇదే. వాళ్లకు దొరికే సలహా ఎప్పుడూ ఒకటే: సౌండ్ తగ్గించుకో. అది అవసరమే, కానీ చాలదు. రాక్‌లో ఇబ్బంది పెట్టేది ఒక్క శబ్దం కాదు. గిటార్‌లోని గరగర, సింబల్స్ (డ్రమ్స్‌తో ఉండే లోహపు పళ్లేలు) పదును, స్నేర్ డ్రమ్ దెబ్బ హఠాత్తుగా పడటం, బేస్ ఛాతీలో అదరడం, మోత ఆగకుండా సాగడం, ఇవన్నీ వేర్వేరు సంగతులు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి గుచ్చుకుంటుంది. మీకు గుచ్చుకునేది ఏదో కనిపెట్టి దాన్ని మాత్రమే తగ్గించండి, మిగతా పాట మీకు దక్కుతుంది. అన్నిటినీ కలిపి తగ్గిస్తే పాటలో ఉన్న జవం కూడా పోతుంది.

మొదలుపెట్టే ముందు ఒక హద్దు గుర్తుంచుకోవాలి. సంగీతమే కాదు, గిన్నెల చప్పుడు, తలుపు వేసిన శబ్దం, ఎదుటివారి మామూలు మాటలు కూడా నొప్పి పుట్టిస్తుంటే అది హైపరాక్యూసిస్ కావచ్చు. మైగ్రేన్ ఉన్నవారికి తలనొప్పి సమయంలో శబ్దం భరించరానిదవుతుంది. ఆటిజం ఉన్న చాలామందికి కూడా శబ్దాలు ఇతరులకంటే తీవ్రంగా తగులుతాయి. లోపలి చెవి దెబ్బతిన్నవారి ఇబ్బంది ఇంకో రకం: చిన్న శబ్దాలు వినపడవు, కాస్త పెంచితే ఒక్కసారిగా మరీ పెద్దవైపోతాయి. ఇలాంటిదేదైనా ఉందనిపిస్తే ముందు ఆడియాలజిస్టు దగ్గర వినికిడి పరీక్ష చేయించుకోండి. ఏ స్థాయి దగ్గర మీకు ఇబ్బంది మొదలవుతుందో కూడా కొలవమని అడగండి. ఆ అంకెలు చేతిలో ఉంటే కింది పనులన్నీ తేలికవుతాయి.

1. గుచ్చుకునేది ఏదో కనిపెట్టండి

మీకు బాగా తెలిసిన ఒక పాట తీసుకోండి. అది మెల్లగా మొదలై, తర్వాత డ్రమ్స్, బేస్, డిస్టార్షన్ (గరగరలాడే) గిటార్ అన్నీ కలిసేదై ఉండాలి. హెడ్‌ఫోన్స్ వద్దు, స్పీకర్లకు 2 మీటర్ల దూరంలో కూర్చోండి. పాట నడుస్తుండగా గొంతు పెంచకుండా మాట్లాడగలిగేంత వాల్యూమ్ పెట్టండి. అది సుమారు 60 నుంచి 65 డెసిబెల్స్ ఉంటుంది.

ఇప్పుడు ఫోన్‌లోనో ప్లేయర్‌లోనో 10 గీతల ఈక్వలైజర్ తెరవండి, అడుగు స్వరాల నుంచి పై స్వరాల దాకా ఒక్కో భాగాన్ని విడిగా పెంచే, తగ్గించే మీటలివి. పాటలో అన్నీ కలిసి మోగే 30 సెకన్ల ముక్కను మళ్లీ మళ్లీ పెట్టుకుని, ఒక్కోసారి ఒక్కో గీతనో, పక్కపక్కనే ఉన్న రెండు గీతలనో 6 డెసిబెల్స్ కిందికి దించి వినండి. తర్వాత దాన్ని సున్నాకు తెచ్చి మరొకటి దించండి. ఎక్కడ మీ భుజాలు వదులయ్యాయో, దవడ బిగింపు సడలిందో గమనించండి. తలలో వచ్చే ఆలోచనకన్నా ఒంట్లో వచ్చే ఆ మార్పే నమ్మదగిన గుర్తు.

2,000, 4,000 హెర్ట్జ్ దించినప్పుడు హాయిగా ఉంటే మీ ఇబ్బంది గిటార్లతో, అరుపు గొంతుతో, స్నేర్ చరుపుతో. దీనికి కారణం చెవి నిర్మాణంలోనే ఉంది. చెవి గొట్టం 2,500 నుంచి 3,000 హెర్ట్జ్ దగ్గర తనంతట తానే శబ్దాన్ని పెంచుతుంది. మనిషి చెవికి అన్నిటికన్నా చురుకైన ప్రాంతం 2,000 నుంచి 5,000 వరకు. డిస్టార్షన్ సరిగ్గా అక్కడికే చేరుతుంది. గిటార్ అడుగు తీగ అసలు స్వరం 82 హెర్ట్జే. కానీ ఆంప్‌ను (గిటార్ శబ్దాన్ని పెంచే యంత్రాన్ని) దాని శక్తికి మించి నడిపితే తరంగం అంచులు తెగి, కొత్త స్వరాంశాలు పుట్టి, వేల హెర్ట్జ్ దాకా పరుచుకుంటాయి. పైగా డిస్టార్షన్‌లో స్వరం మెల్లగా తగ్గిపోదు, ఒకే ఎత్తులో నిలబడి ఉంటుంది. చెవికి మధ్యలో విరామం దొరకదు.

8,000, 16,000 దించినప్పుడు తేడా తెలిస్తే అది సింబల్స్, హై-హ్యాట్, గొంతులోని 'స', 'ష' శబ్దాలు. 62, 125 దగ్గర తేడా వస్తే అది కిక్ డ్రమ్, బేస్ గిటార్. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ కాబట్టి 31 గీతను కూడా కలిపి దించి చూడండి. 250, 500 దించగానే గది ఖాళీ అయినట్టు అనిపిస్తే మీకు భారం అవుతున్నది పదును కాదు, కిక్కిరిసినట్టుండటం.

ఏ గీత దించినా తేడా తెలియకపోతే సమస్య శబ్దం ఎంత హఠాత్తుగా వస్తుంది, ఎంతసేపు సాగుతుంది అన్నదాంట్లో ఉంది. ఉలికిపాటా, అలసటా అని తేల్చడానికి ఒకే ముక్కను మూడుసార్లు వరుసగా వినండి. మూడోసారికి ఇబ్బంది బాగా తగ్గితే అది హఠాత్తుగా పడే దెబ్బకు వచ్చే ఉలికిపాటు. పెద్ద శబ్దం వచ్చినప్పుడు మధ్యచెవిలోని చిన్న కండరం బిగుసుకుని కొంత శబ్దాన్ని అడ్డుకుంటుంది, కానీ అది బిగుసుకోవడానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది. స్నేర్ దెబ్బ అప్పటికే లోపలికి వెళ్లిపోతుంది. అలా కాక, వరుసగా పాటలు వింటున్నప్పుడు మొదటి రెండు పాటలు బాగుండి, నాలుగో పాటకు చిరాకు మొదలైతే అది అలసట. దానికి ఈక్వలైజర్ కాదు, విరామం కావాలి.

ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది గుర్తించరు: గరుకుదనం. దగ్గరదగ్గరగా ఉన్న రెండు స్వరాలు ఒకదానితో ఒకటి తగులుకుని సెకనుకు 30 నుంచి 150 సార్లు ఎగిసిపడితే చెవికి అది గరగరగా తెలుస్తుంది. డిస్టార్షన్ గుండా ఒక తీగకాదు, రెండు మూడు తీగలు కలిసి వెళ్తే ఇలాంటివి కుప్పలుగా పుడతాయి. గిటారిస్టులు డిస్టార్షన్‌తో ఎక్కువగా షడ్జ పంచమాలే కలిపి వాయించడానికి ఇదొక కారణం, ఆ జంటలో గరుకు తక్కువ. మీకు పడనిది ఈ గరుకే అయితే ఈక్వలైజర్ సగమే పనిచేస్తుంది. పాటల ఎంపికే మందు.

2. వాల్యూమ్ లెక్క

ఇబ్బంది వేరు, హాని వేరు. 65 డెసిబెల్స్ దగ్గర మీకు భరించరాకుండా ఉండొచ్చు, కానీ దానివల్ల చెవి పాడవదు. 105 దగ్గర ఒకరికి ఉత్సాహంగా ఉండొచ్చు, వారి చెవి మాత్రం దెబ్బతింటూనే ఉంటుంది. ఈ రెంటినీ కలిపేసుకుంటే ఇంట్లో మెల్లగా మోగే పాటకూ భయపడతాం. భయం ఉలికిపాటును ఇంకా పెంచుతుంది.

హాని లెక్క ఇది. అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ పెట్టిన పరిమితి 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది: 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి గంట, 100కి 15 నిమిషాలు. వ్యక్తిగతంగా పాటలు వినడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇంకా జాగ్రత్తగా ఉంటుంది: 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. శబ్దాన్ని తట్టుకోలేనివారు ఇంట్లో 60 నుంచి 70 మధ్య వింటే ఈ హద్దులకు చాలా దూరంలోనే ఉంటారు.

ఐఫోన్‌లో సౌండ్స్ అండ్ హాప్టిక్స్ కింద హెడ్‌ఫోన్ సేఫ్టీలో గరిష్ఠ స్థాయిని 75 డెసిబెల్స్ దాకా తగ్గించి పెట్టుకోవచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా మీడియా వాల్యూమ్ పరిమితి ఉంటుంది. స్ట్రీమింగ్ యాప్‌లో పాటలన్నిటి స్థాయినీ సమం చేసే నార్మలైజేషన్ తప్పకుండా ఆన్ చేయండి. స్పాటిఫైలో అయితే అక్కడే 'క్వయట్' అనే ఎంపిక ఉంది. ఒక మెత్తటి పాట తర్వాత వచ్చే బిగ్గర పాట మీద పడకుండా కాపాడేది ఈ ఒక్క మీటే.

వాల్యూమ్ తగ్గించగానే ఎదురయ్యే తంటా ఏమిటంటే, బేస్ మాయమైపోతుంది. శబ్దం తగ్గేకొద్దీ చెవి అడుగు స్వరాలను మిగతావాటికన్నా ఎక్కువగా పోగొట్టుకుంటుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ గీసిన వక్రరేఖలు చూపింది ఇదే. పాట పలచబడిందని మళ్లీ వాల్యూమ్ పెంచుతాం, దాంతోపాటు 3,000 హెర్ట్జ్ పదునూ తిరిగొస్తుంది. అలా కాకుండా వాల్యూమ్‌ను కిందే ఉంచి, 62, 125 గీతలను 3 డెసిబెల్స్ పెంచండి. బేస్ అదురు పడనివారు మాత్రం దీన్ని వదిలేయండి.

3. ఈక్వలైజర్ అమరిక

పరీక్షకు 6 డెసిబెల్స్ దించాం, రోజూ వినడానికి అంత అక్కర్లేదు. పదును సమస్య అయితే 2,000ను 2, 4,000ను 4 డెసిబెల్స్ దించండి. 4,000ను అంతకన్నా లోతుగా దించితే మాటలు ముద్దయిపోతాయి, గిటార్ దుప్పటి కింద మోగినట్టుంటుంది. సింబల్స్ సమస్య అయితే 8,000ను 3, 16,000ను 5. కిక్కిరిసినట్టుంటే 250ని 3. బేస్ సమస్య అయితే 31ని పూర్తిగా, 62ని 5 డెసిబెల్స్ దించి, 125ను కదపకండి. దాన్ని కూడా తీసేస్తే పాటకు నడుము ఉండదు.

వీలైనంతవరకు దించడమే పద్ధతి. ఏ గీతనైనా పెంచితే ప్రీఆంప్‌ను (ఈక్వలైజర్‌లో మొత్తం స్థాయిని మార్చే మీటను) అన్ని డెసిబెల్స్ తగ్గించాలి. లేకపోతే శబ్దం అంచులు తెగి, మీరు వదిలించుకోవాలనుకున్న గరగర డిజిటల్ రూపంలో తిరిగొస్తుంది. కొత్త అమరికను వెంటనే తీర్పు చెప్పకుండా రెండు పాటల పాటు విని చూడండి, చెవి అలవాటు పడటానికి ఆ మాత్రం సమయం కావాలి.

4. స్పీకర్లా, హెడ్‌ఫోన్సా

ఉలికిపాటు, పదును ఉన్నవారికి స్పీకర్లే మేలు. శబ్దం గదిలో కలిసి, మెత్తబడి చెవికి చేరుతుంది. స్పీకర్లను చెవుల వైపు సూటిగా కాకుండా కాస్త పక్కకు తిప్పండి, పై స్వరాలు తిన్నగా ముందుకే పోతాయి కాబట్టి పదును దానంతటదే తగ్గుతుంది. స్పీకర్‌ను గది మూలన పెట్టకండి, మీరూ మూలన కూర్చోకండి. బేస్ గుమిగూడేది అక్కడే. ఖాళీ గోడలు, టైల్స్ ఉన్న గదిలో సింబల్స్ గోడ నుంచి గోడకు కొట్టుకుంటాయి. మందపాటి కర్టెన్, నేల మీద తివాచీ, పుస్తకాల బీరువా ఉన్న గది ఎంచుకోండి.

బయట రొద ఉన్నచోట మాత్రం నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ నిజంగా ఉపయోగం. ఏసీ, ఇంజిన్ లాంటి నిలకడైన అడుగు రొదను అవి తుడిచేస్తాయి, కాబట్టి పాటను దానికి పైకి లాగాల్సిన పని ఉండదు. కొందరికి అవి పెట్టుకోగానే చెవిలో ఒత్తిడిగా, తల తిరిగినట్టుగా ఉంటుంది. కొనేముందు కనీసం 20 నిమిషాలు పెట్టుకుని చూడండి. ఇంట్లో నిశ్శబ్దం ఉంటే వెనుక తెరిచి ఉండే హెడ్‌ఫోన్స్ ఇంకా హాయి.

5. ఏ రాక్ ముందు, ఏది తర్వాత

రాక్ అంతా ఒకే తీవ్రతలో ఉండదు, అందులోనూ మెత్తనిది, గట్టిది అన్న ఒక్క కొలబద్ద సరిపోదు. ఉలికిపాటు ఉన్నవారికి అన్నిటికన్నా కష్టం గ్రంజ్, ఆల్టర్నేటివ్ పాటల్లో తరచూ కనిపించే పద్ధతి: చరణం గుసగుసగా నడిచి, పల్లవి ఒక్కసారిగా పేలుతుంది. అదే శ్రోతకు షూగేజ్ సులభంగా పడుతుంది. గిటార్ల గోడ మందంగా ఉన్నా అది నిలకడగా ఉంటుంది, మీద పడదు. పోస్ట్-రాక్‌లో మోత నిమిషాల తరబడి మెట్లెక్కుతూ వస్తుంది కాబట్టి చెవి సిద్ధపడుతుంది. గరుకు పడనివారికి షూగేజ్ వద్దు. ఫోక్ రాక్, సర్ఫ్ రాక్, డిస్టార్షన్ లేని గిటార్లతో నడిచే పాటలు బాగుంటాయి. సింబల్స్ పడనివారు బ్రష్‌లతో డ్రమ్స్ వాయించిన అన్‌ప్లగ్డ్ రికార్డింగులు వెతకండి.

రికార్డింగ్ కాలం కూడా చూడండి. 1990ల నుంచి చాలా ఆల్బమ్‌లను పోటీపడి బిగ్గరగా చేశారు. చిన్న శబ్దాన్ని పైకి లాగి, పెద్దదాన్ని నొక్కి, పాటంతా ఒకే ఎత్తులో నింపేశారు. అలసట సమస్య ఉన్నవారికి ఇవే ఎక్కువ కష్టం. పాత ఆల్బమ్‌కు రీమాస్టర్ (శబ్దాన్ని కొత్తగా సరిచేసి మళ్లీ విడుదల చేసిన ప్రతి), అసలు ప్రతి రెండూ ఉంటే రెంటినీ ఒకే వాల్యూమ్‌లో పోల్చి వినండి. చాలాసార్లు అసలు ప్రతిలో ఊపిరి తీసుకునే చోటు ఎక్కువ ఉంటుంది.

కొత్త పాట ఎక్కడ పేలుతుందో ముందే చూసుకోవచ్చు. సౌండ్‌క్లౌడ్‌లో పాట కింద తరంగం బొమ్మ కనిపిస్తుంది. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఏ ఆడియో ఫైల్ తెరిచినా అదే కనిపిస్తుంది. సన్నని గీత హఠాత్తుగా లావయ్యే క్షణాన్ని గుర్తుపెట్టుకోండి. వస్తుందని తెలిసిన దెబ్బకు ఒళ్లు అంతగా ఉలిక్కిపడదు. మొదటిసారి వినేటప్పుడు వాల్యూమ్ మీటను చేతిలోనే ఉంచుకోండి. ఎప్పుడైనా ఆపగలమన్న ధీమా సగం భారాన్ని తీసేస్తుంది.

రోజుకు 10 నిమిషాలతో మొదలుపెట్టి, వారం తర్వాత 15కి, ఆపైన 20కి వెళ్లండి. సమయాన్ని, వాల్యూమ్‌ను ఒకేసారి పెంచకండి. ఇబ్బందిని కాసేపు ఓర్చుకోవచ్చు, నొప్పిని ఓర్చుకోకూడదు. విన్న తర్వాత చెవిలో నొప్పి, మంట, నిండుగా ఉన్న భావన గంటల తరబడి ఉంటే ఒక మెట్టు దిగండి. అది తరచూ జరిగితే సొంతంగా సాధన ఆపి ఆడియాలజిస్టును కలవండి.

6. కచేరీకి వెళ్తుంటే

రాక్ కచేరీల్లో 95 నుంచి 110 డెసిబెల్స్ మామూలు. 1976లో లండన్‌లోని చార్ల్‌టన్‌లో ద హూ బృందం వాయించినప్పుడు స్పీకర్లకు 32 మీటర్ల దూరంలో 126 డెసిబెల్స్ నమోదై గిన్నిస్ రికార్డయింది. ఇలాంటి పోటీ చెవులకు చేటని గిన్నిస్ తర్వాత ఆ విభాగాన్నే ఎత్తేసింది. ఆ బృందం గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ తన చెవులు దెబ్బతిన్న సంగతి బాహాటంగానే చెప్పారు. మై బ్లడీ వాలెంటైన్ అనే రాక్ బృందం 2008 కచేరీల్లో ప్రేక్షకులకు ఇయర్‌ప్లగ్స్ పంచింది. కాబట్టి ప్లగ్స్ పెట్టుకున్నందుకు అక్కడ ఎవరి ముందూ సంకోచపడక్కర్లేదు.

ప్లగ్స్ ఎంపికలో చాలామంది పొరపడతారు. నురగ ప్లగ్స్ పై స్వరాలను ఎక్కువగా, అడుగు స్వరాలను తక్కువగా ఆపుతాయి. పాట మసకబారి, బేస్ మాత్రం మోగుతుంది. సింబల్స్ మాత్రమే పడనివారికి అది చాలు. మిగతావారు అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా తగ్గించే సంగీతకారుల ప్లగ్స్ తీసుకోండి. వాటిలో సాధారణంగా 10 నుంచి 20 డెసిబెల్స్ తగ్గించే రకాలు ఉంటాయి, కచేరీకి 20కి దగ్గరగా ఉన్నవి కావాలి. చిన్నపిల్లల చెవిలో ప్లగ్స్ సరిగా కుదరవు, వారికి చెవులను పూర్తిగా కప్పే ఇయర్‌మఫ్స్ పెట్టండి.

నురగ ప్లగ్ పెట్టే తీరు: చేతులు కడుక్కుని, ప్లగ్‌ను ముడతలు పడకుండా సన్నగా నలపండి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగండి. ప్లగ్‌ను లోపలికి దూర్చి 30 సెకన్లు వేలితో అదిమి పట్టుకోండి. సరిగ్గా కూర్చుందో లేదో తెలియాలంటే అరచేతులతో చెవులను గట్టిగా మూయండి. శబ్దం ఇంకా బాగా తగ్గిందంటే ప్లగ్ సగమే లోపలికెళ్లింది, తీసి మళ్లీ పెట్టండి. ప్లగ్స్‌తో మీ గొంతు మీకే గుమ్మని వినిపిస్తుంది. ఇంటి దగ్గర అరగంట పెట్టుకుని అలవాటు చేసుకుంటే కచేరీలో అది అదనపు చికాకు కాదు.

మొదటి పాటకు ముందే పెట్టుకోండి. మధ్యలో "ఒక్క పాట" కోసం తీయకండి. 105 డెసిబెల్స్ దగ్గర నియోష్ లెక్కలో రోజుకు దొరికేది సుమారు 5 నిమిషాలే, ఒక పాట దాన్ని తినేస్తుంది.

నిలబడే చోటు ప్లగ్స్ అంత ముఖ్యం. సౌండ్ ఇంజనీర్ డెస్క్ పక్కన ఉండండి. పాట సమతూకంగా ఉండాలని ఆయన వింటున్నది అక్కడినుంచే. వేదిక ముందు వరుసలో డ్రమ్స్, ఆంప్‌ల శబ్దం తిన్నగా తగులుతుంది. సబ్‌వూఫర్లు (బేస్ కోసం ఉండే పెద్ద స్పీకర్లు) వేదికకు రెండు వైపులా ఉంటే వాటి బేస్ సరిగ్గా మధ్య గీత మీద కలిసి బలపడుతుంది. అదురు పడనివారు డెస్క్ దగ్గర ఉంటూనే మధ్య గీత నుంచి కొన్ని అడుగులు పక్కకు జరగండి, గోడకు మాత్రం ఆనుకోవద్దు. ప్లగ్స్ ఛాతీకి తగిలే అదురును ఆపవని గుర్తుంచుకోండి, దానికి దూరం ఒక్కటే ఉపాయం. ఆరుబయట దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గోడలున్న హాల్లో అంత తగ్గదు.

టికెట్ కొనే ముందు నిర్వాహకులను నాలుగు సంగతులు అడగండి: ప్రశాంతంగా కూర్చునే గది ఉందా, బయటికెళ్లి మళ్లీ రానిస్తారా, మెరుపు దీపాలు, బాణసంచా వాడతారా, సీటు మార్చుకోవచ్చా. వేదికల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణంలో 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని, ప్రేక్షకులకు ప్లగ్స్, ప్రశాంతమైన చోటు అందుబాటులో ఉండాలని ఉంది. మీరు అడిగేది గొంతెమ్మ కోరిక కాదు. మెరుపు దీపాలు శబ్ద భారాన్ని ఇంకా పెంచుతాయి, అంచు ఉన్న టోపీ పెట్టుకుంటే కొంత నయం. గంటకు 15 నిమిషాలు బయటికి వెళ్లిరండి. వెంట వచ్చినవారితో ఒక చేతి సైగ ముందే అనుకోండి, ఆ మోతలో "నేను బయటికి వెళ్తున్నా" అని అరిచి చెప్పడం కుదరదు.

7. విన్న తర్వాత

కచేరీ మర్నాడు చెవులకు పెద్ద శబ్దాలు లేకుండా చూసుకోండి. అలాగని పూర్తి నిశ్శబ్దంలోకి వెళ్లకండి. ఫ్యాన్ చప్పుడు, మెల్లని మాటలు ఉండనివ్వండి. రోజంతా, ఇంట్లోనూ ప్లగ్స్ పెట్టుకుని తిరగడం శబ్దాన్ని తట్టుకోలేనివారిలో తరచూ కనిపించే అలవాటు, నష్టం చేసేదీ అదే. వినడానికి ఏమీ అందకపోతే మెదడు తన సున్నితత్వాన్ని పెంచుకుంటుంది, కొన్నాళ్లకు మామూలు వీధి రొద కూడా బరువవుతుంది. ప్లగ్స్ నిజంగా పెద్ద శబ్దం ఉన్నచోటికే.

చెవులు దిమ్మెక్కి, గుయ్యిమంటుంటే లోపలి చెవి మీద భారం ఎక్కువైందని అర్థం. ఒక రోజులో తగ్గితే తర్వాతిసారి ఇంకా దూరం నిలబడండి, ఇంకా గట్టి ప్లగ్స్ వాడండి. రెండు రోజులైనా తగ్గకపోతే ఈఎన్‌టీ వైద్యుడికి చూపించండి. ఒక చెవిలో వినికిడి హఠాత్తుగా పడిపోతే రెండు రోజులు ఆగకండి, అదే రోజు వెళ్లండి. ఆ పరిస్థితిలో చికిత్స ఎంత త్వరగా మొదలైతే వినికిడి తిరిగొచ్చే అవకాశం అంత ఎక్కువ.